నెత్తురు గడ్డకట్టని వ్యాధులు: నిర్ధారణ ఎలా జరుగుతుంది?

నాళాలలో ఉన్నంతసేపు ద్రవంగా ప్రవహించడం, నాళం తెగిన చోట కొద్ది నిమిషాలలో గడ్డకట్టి ఆ తెగుడును మూసివేయడం మానవరక్తానికి ఉన్న రెండు పరస్పర విరుద్ధమైన ధర్మాలు. ఈ రెండింటి మధ్య ఉండవలసిన సమతూకం ఒకవైపు చెడితే చిన్న గాయానికే రక్తస్రావం ఆగదు. మరొకవైపు చెడితే గాయం లేకుండానే నాళాల లోపల గడ్డలు ఏర్పడి కాళ్లకో, ఊపిరితిత్తులకో, మెదడుకో ప్రమాదం తెస్తాయి. వైద్యులు రక్తస్కందన లోపాలు అని పిలిచే ఈ వ్యాధులలో చాలావాటికి నేడు మంచి చికిత్స ఉన్నప్పటికీ అది రోగికి సకాలంలో అందకపోవడానికి ముఖ్యకారణం నిర్ధారణ ఆలస్యం కావడమే. ఆ ఆలస్యం కూడా ప్రతిసారీ యంత్రాలు లేకపోవడం వల్ల జరగడం లేదు. అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగకపోవడం వల్ల, చేసిన పరీక్ష దేనికి జవాబు చెబుతుందో, దేనికి చెప్పలేదో తెలియకపోవడం వల్ల జరుగుతున్నది.

నాళం తెగిన వెంటనే అది తనంతట తాను కొంత ముడుచుకుంటుంది. ఆ తరువాత ప్లేట్‌లెట్లు, అంటే పాఠ్యపుస్తకాలలో రక్తఫలకికలు అని కనిపించే సూక్ష్మకణాలు, తెగిన అంచుకు అంటుకుని ఒకదానితో ఒకటి కలిసి తాత్కాలికంగా ఆ రంధ్రాన్ని మూస్తాయి. ఆరోగ్యవంతుల రక్తంలో మైక్రోలీటరుకు ఇవి సుమారు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. వేగంగా పారే రక్తంలో ఇవి కొట్టుకుపోకుండా నాళపు గోడకు పట్టి ఉంచే పని వాన్ విల్లీబ్రాండ్ కారకం అనే పెద్ద మాంసకృత్తుది. ఇంతలో నాళం వెలుపలి కణాలపై ఉండే కణజాల కారకం రక్తంలోని ఏడవ కారకాన్ని తాకడంతో మరొక ప్రక్రియ మొదలవుతుంది. స్కందన కారకాలు అనే మాంసకృత్తులు ఒకదాని వెంట మరొకటి క్రియాశీలమై, చివరకు త్రాంబిన్ అనే ఎంజైము తయారై, అది ద్రవరూపంలో ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగులు వలలా అల్లుకుని ప్లేట్‌లెట్లను, ఎర్రకణాలను బంధించగా, పదమూడవ కారకం ఆ పోగులను గట్టిగా ముడివేస్తుంది. ఈ కారకాలలో ఎక్కువ భాగం కాలేయంలోనే తయారవుతాయి. వాటిలో రెండు, ఏడు, తొమ్మిది, పది సంఖ్యలుగల కారకాలు పనిచేయాలంటే విటమిన్ కె కూడా కావాలి.

ఈ జ్ఞానమంతా ఒక్కసారిగా సమకూరినది కాదు. 1905లో జర్మన్ వైద్యుడు పాల్ మోరావిట్జ్ నాలుగు పదార్థాలతో స్కందనాన్ని వివరించగా, ఆ తరువాతి అర్ధశతాబ్దంలో రోగుల రక్తాన్ని పరిశీలించినకొద్దీ కొత్త కారకాలు బయటపడుతూ వచ్చాయి. 1964లో ఇంగ్లండులో మెక్‌ఫర్లేన్, అమెరికాలో డేవీ, రాట్నాఫ్‌లు విడివిడిగా ఈ కారకాలన్నింటినీ ఒక క్రమంలో అమర్చి చూపారు. అంతర్మార్గం, బాహ్యమార్గం, రెండూ కలిసే ఉమ్మడి మార్గం అనే ఆ పటం నేటికీ వైద్య విద్యార్థులు నేర్చుకునే మొదటి పాఠమే. అయితే అది ప్రధానంగా గాజునాళికలో జరిగేదానికి సంబంధించిన పటమనీ, శరీరంలో ఆ రెండు మార్గాలు అంత విడివిడిగా నడవవనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. నిర్ధారణలో జరిగే పొరపాట్లలో కొన్ని ఈ తేడాను మరవడం వల్ల జరుగుతున్నాయి.

రోగనిర్ధారణ ప్రయోగశాలలో మొదలు కాదు, రోగితో మాట్లాడే చోట మొదలవుతుంది. రక్తం ఎక్కడి నుంచి, ఎలా, గాయమైన ఎంతసేపటికి కారుతున్నది అన్న వివరాలే లోపం ఏ దశలో ఉన్నదో సగం చెబుతాయి. ప్లేట్‌లెట్ల లోపంలోను, వాన్ విల్లీబ్రాండ్ వ్యాధిలోను రక్తస్రావం చర్మానికి, లోపలి సున్నితపు పొరలకు సంబంధించి ఉంటుంది: చిగుళ్ల నుంచి నెత్తురు రావడం, ముక్కు నుంచి తరచుగా కారడం, చర్మంపై ఆవగింజంత ఎర్రచుక్కలు తేలడం, నెలసరి రక్తస్రావం విపరీతంగా ఉండడం, గాయమైన క్షణం నుంచే నెత్తురు ఆగకుండా రావడం దాని లక్షణాలు. హీమోఫీలియా వంటి కారకలోపాలలో మాత్రం మొదటి మూత ప్లేట్‌లెట్ల వల్ల సరిగానే పడి, గంటలు గడిచాక అది నిలవక మళ్లీ నెత్తురు మొదలవుతుంది. పైకి కనిపించని చోట్ల, ముఖ్యంగా మోకాలు, మోచేయి, చీలమండ కీళ్లలోను, పెద్ద కండరాలలోను రక్తం చేరి వాపు వస్తుంది. పాకే వయసులో మోకాళ్లు వాచి ఏడ్చే పిల్లవాడికి కీళ్లవాతమని మందులు వాడడం, వాచిన కీలుకు పట్లు వేయడం, కండకు సూదిమందు ఇచ్చి తొడలో మరో గడ్డకు కారణం కావడం ఇప్పటికీ జరుగుతున్న పొరపాట్లే.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు తెలుగు ఇళ్లలో తప్పక అడగవలసినది మేనమామల సంగతి. ఎనిమిదవ కారకం లోపించే హీమోఫీలియా ఎ, తొమ్మిదవ కారకం లోపించే హీమోఫీలియా బి రెండింటికీ సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందువల్ల, వ్యాధి వాహకురాలైన తల్లి నుంచి ఒక్కొక్క కొడుకుకు సగం అవకాశంతో వ్యాధి వస్తుంది, ఒక్కొక్క కూతురు సగం అవకాశంతో తానూ వాహకురాలవుతుంది. అందుచేత తండ్రి వైపు పూర్వికులను ఎంత వెదికినా దొరకని ఆధారం, పన్ను పీకించుకున్నాక మూడు రోజులు నెత్తురు ఆగని మేనమామ దగ్గర, చిన్నతనంలోనే ఏదో దెబ్బకు పోయాడని చెప్పుకునే అమ్మమ్మ తమ్ముడి దగ్గర దొరుకుతుంది. ఈ వ్యాధి కుటుంబాలలో నడుస్తుందన్న పరిశీలన చాలా పాతది: సున్తీ చేసినప్పుడు రక్తస్రావంతో ఇద్దరు అన్నలు మరణిస్తే మూడవవాడికి ఆ సంస్కారం చేయనక్కరలేదని యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్ చెప్పింది. అయితే హీమోఫీలియా రోగులలో సుమారు మూడవ వంతు మందికి కుటుంబ చరిత్ర ఏమీ ఉండదనీ, జన్యువులో కొత్తగా వచ్చిన మార్పే వారిలో కారణమనీ గుర్తుంచుకోవాలి. కుటుంబంలో ఎవరికీ లేదు కాబట్టి ఇది ఆ జబ్బు కాదు అనే వాదన చెల్లదు.

మేనరికాల విషయం ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించవలసి ఉన్నది. హీమోఫీలియా ఉన్న పురుషుని కుమార్తెలందరూ తప్పనిసరిగా వాహకులే కనుక, ఆ వ్యాధే ఉన్న మేనల్లుడు అటువంటి మేనమామ కూతురిని పెళ్లాడితే, వారికి పుట్టే ఒక్కొక్క ఆడపిల్లకు కూడా సగం అవకాశంతో హీమోఫీలియా రాగలదు. అక్క కూతురిని చేసుకునే సందర్భంలో కూడా ఆ అక్క, ఆమె కూతురు వాహకులా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక ఏడవ, పదవ, పదమూడవ కారకాల లోపాలు, ప్లేట్‌లెట్ల సంఖ్య సరిగా ఉన్నా అవి ఒకదానికొకటి అంటుకోలేని గ్లాంజ్‌మన్ వ్యాధి వంటివి తల్లిదండ్రులిద్దరి నుంచి లోపజన్యువు వస్తేనే బయటపడతాయి కాబట్టి, రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే ప్రాంతాలలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ప్రపంచంలో చాలా అరుదని పుస్తకాలలో రాసి ఉన్న వ్యాధిని తెలుగు ప్రాంతాలలోని వైద్యుడు అంత తేలికగా పక్కన పెట్టరాదు.

ఇటువంటి ప్రశ్నలు అడగవలసిన చోట చాలా చిన్న ఆసుపత్రులలో ఆపరేషన్‌కు ముందు బీటీ, సీటీ అని రెండు పరీక్షలు రాసి ఊరుకోవడం ఆచారంగా సాగుతున్నది. బీటీ అంటే రక్తస్రావ కాలం: వేలికొననో చెవితమ్మెనో సూదితో గుచ్చి, అరనిమిషానికొకసారి అద్దుడు కాగితంతో అద్దుతూ ఎంతసేపటికి నెత్తురు ఆగిందో చూడడం. సీటీ అంటే గడ్డకట్టే కాలం: సన్నని గాజుగొట్టంలోకి రక్తం తీసి, అరనిమిషానికొక ముక్క విరుస్తూ ఎప్పుడు రెండు ముక్కల మధ్య ఫైబ్రిన్ దారం సాగుతుందో చూడడం. 1910 ప్రాంతపు ఈ పద్ధతులు అప్పటికి గొప్పవే. కానీ గుచ్చిన లోతును బట్టి, చర్మపు వెచ్చదనాన్ని బట్టి, చేసే మనిషి చేతిని బట్టి బీటీ మారిపోతుంది. కారకం నూటికి ఒకటి రెండు పాళ్లు ఉన్నా చాలు సీటీ మామూలుగానే రావచ్చు. అంటే పన్ను పీకితే ప్రాణం మీదికి తెచ్చుకోగల హీమోఫీలియా రోగి సైతం ఈ పరీక్షలో ఆరోగ్యవంతుడిగా తేలవచ్చు. రక్తస్రావ చరిత్ర లేనివారిలో ఆపరేషన్ సమయంలో రక్తస్రావం అవుతుందా లేదా అన్నది బీటీ చెప్పలేదని అమెరికా రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుల వృత్తిసంఘాలు 1998లోనే స్పష్టంగా ప్రకటించాయి. బీటీ, సీటీ మామూలుగా ఉన్నాయన్న కాగితం చూసి నిశ్చింతగా కత్తి పట్టడం కంటే, రోగితో అయిదు నిమిషాలు కూర్చుని వెనకటి గాయాలను, కాన్పులను, పళ్లు పీకించుకున్న సందర్భాలను అడగడం ఎన్నో రెట్లు నమ్మదగిన పని.

ప్రయోగశాలలో నిజంగా మొదట చేయవలసినవి నాలుగు: ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తపు పూత పరిశీలన, ప్రోత్రాంబిన్ టైమ్ అనే పీటీ, యాక్టివేటెడ్ పార్షియల్ త్రాంబోప్లాస్టిన్ టైమ్ అనే ఏపీటీటీ. 1935లో అమెరికాలో ఆర్మండ్ క్విక్ రూపొందించిన పీటీ, కణజాల కారకాన్ని, కాల్షియాన్ని ప్లాస్మాకు కలిపి గడ్డ ఏర్పడడానికి పట్టే సెకన్లను లెక్కిస్తుంది. సాధారణంగా ఇది 11 నుంచి 13 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. ప్లాస్మా అంటే రక్తకణాలను వేరుచేయగా మిగిలే పసుపుపచ్చని ద్రవం. ఏపీటీటీలో కణజాల కారకానికి బదులు కేయొలిన్ వంటి పొడినీ, కొవ్వు పదార్థాన్నీ, కాల్షియాన్నీ వాడతారు. ప్రయోగశాలను బట్టి దీని మామూలు పరిమితి సుమారు 25 నుంచి 35 సెకన్ల మధ్య ఉంటుంది. పీటీ ఒక్కటే పెరిగితే ఏడవ కారకం వైపు, ఏపీటీటీ ఒక్కటే పెరిగితే ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పన్నెండు కారకాల వైపు, రెండూ పెరిగితే ఉమ్మడి మార్గంలోని కారకాల వైపో, కాలేయ వ్యాధి, విటమిన్ కె లోపం వంటి విస్తృతమైన కారణాల వైపో చూడాలి.

ఈ సెకన్లకు విలువ ఉండాలంటే రక్తం తీసిన తీరు సరిగా ఉండాలి. నీలిరంగు మూత ఉన్న చిన్న గొట్టంలో 3.2 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం ముందే ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టి ఉంచి రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు ద్రావణం అన్న లెక్కతో దానిని తయారు చేస్తారు కనుకనే గొట్టంపై గీత గీసి ఉంటుంది. పసిపిల్లల నరం దొరకక ఆ గీత దాకా నింపకుండా పంపితే, ద్రావణం పాలు ఎక్కువై, ఏ లోపమూ లేని బిడ్డకు కూడా సెకన్లు పెరిగినట్లు కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు వల్ల ఎర్రకణాలు బాగా పెరిగిన పిల్లలలో ప్లాస్మా పాలు తగ్గిపోయి ఇదే పొరపాటు మరో రూపంలో జరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఎక్కిస్తున్న గొట్టం నుంచే నమూనా తీయడం, సిరంజిలో సగం గడ్డకట్టిన రక్తాన్ని గొట్టంలోకి నెట్టడం, నాలుగు గంటలలో పరీక్షించవలసిన నమూనాను ఎండలో బస్సు మీద మరో ఊరికి పంపడం వంటివన్నీ ఒక కొత్త జబ్బును కాగితం మీద సృష్టించగలవు. అసాధారణమైన ఫలితం వచ్చినప్పుడు రోగికి జబ్బు అంటగట్టే ముందు మరొకసారి జాగ్రత్తగా రక్తం తీసి చూడడం అనవసరపు ఖర్చు కాదు.

సరిగా చేసిన పరీక్ష సైతం ఎంతవరకు చెప్పగలదో రెండు ఉదాహరణలు తేటతెల్లం చేస్తాయి. 1955లో ఆస్కార్ రాట్నాఫ్ బృందం వివరించిన జాన్ హేగ్‌మన్ అనే అమెరికన్ రైల్వే కార్మికుడి రక్తం గాజునాళికలో చాలాసేపు గడ్డకట్టకపోయినా, అతనికి జీవితంలో అసాధారణ రక్తస్రావం ఎన్నడూ జరగలేదు. అతనిలో లేనిది పన్నెండవ కారకం. గాజును, కేయొలిన్‌ను తాకినప్పుడు ప్రక్రియను ప్రారంభించే ఈ మాంసకృత్తు అవసరం శరీరంలో గాయం మూయడానికి లేదు. కటి ఎముక విరిగి మంచాన పడిన హేగ్‌మన్ చివరకు 1968లో మరణించినది రక్తస్రావంతో కాదు, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది పదమూడవ కారకపు లోపం: పుట్టిన కొద్ది రోజులకు బొడ్డుతాడు మొదలు నుంచి నెత్తురు ఊరడం, తరువాత చిన్న దెబ్బకే మెదడులో రక్తస్రావం జరగడం వంటి తీవ్ర లక్షణాలు ఉన్నా, పీటీ, ఏపీటీటీ రెండూ చక్కగా మామూలుగానే ఉంటాయి. గడ్డ ఏర్పడిన క్షణంతోనే ఆ పరీక్షలు ఆగిపోతాయి కాబట్టి, ఏర్పడిన గడ్డ గట్టిపడిందా లేదా అన్నది వాటి పరిధిలో లేదు. ఆ సంగతి తేలాలంటే రోగి రక్తపు గడ్డను గాఢమైన యూరియా ద్రావణంలో ఉంచి అది కరిగిపోతుందా అని చూడాలి. ఖర్చు తక్కువైన ఈ పరీక్షను అడిగే వైద్యుడు ఉంటేనే ఆ బిడ్డ జబ్బు బయటపడుతుంది.

ఏపీటీటీ పెరిగినట్లు రూఢి అయిన తరువాత చేసే మిశ్రమ పరీక్ష ఎంత సులువైనదో అంత తెలివైనది. రోగి ప్లాస్మాను, ఆరోగ్యవంతుల ప్లాస్మాను సమపాళ్లలో కలిపి మళ్లీ సెకన్లు లెక్కిస్తారు. రోగిలో ఏదైనా కారకం తక్కువైనందువల్లనే ఆలస్యం జరుగుతుంటే, కలిపిన ప్లాస్మాలోని కారకం ఆ కొరత తీర్చి సమయం మామూలు స్థాయికి దిగుతుంది. దిగకపోతే రోగి రక్తంలో కారకాలను అడ్డుకునే ప్రతిరక్షకం ఏదో ఉన్నదని అర్థం. ఎనిమిదవ కారకంపై పుట్టే ప్రతిరక్షకాలు మెల్లగా పనిచేస్తాయి కాబట్టి, ఆ మిశ్రమాన్ని 37 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి మరోసారి చూడాలి. ఎన్నడూ రక్తస్రావ బాధ లేని వృద్ధుడికి, లేదా కాన్పు అయిన కొన్ని నెలలలో ఒక తల్లికి ఉన్నట్టుండి ఒళ్లంతా నల్లగా కమిలిపోవడం మొదలైతే ఈ పరీక్షే దారి చూపుతుంది. ఇటువంటివారిది పుట్టుకతో వచ్చిన హీమోఫీలియా కాదు, శరీరమే తన ఎనిమిదవ కారకంపై తిరగబడిన స్థితి. చికిత్స పూర్తిగా వేరు.

కొరతే అని తేలితే ఒక్కొక్క కారకాన్ని విడిగా కొలుస్తారు. మామూలు మనిషిలో ఉండేదానిని నూరు పాళ్లుగా తీసుకుంటే, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవారిది తీవ్ర హీమోఫీలియా, ఒకటి నుంచి అయిదు వరకు మధ్యస్థం, అయిదు నుంచి నలభై వరకు తేలికపాటి రకం. బాధలు ఒక్కలాగే కనిపించినా ఎ, బి రకాలకు మందులు వేరు కాబట్టి ఈ కొలత తప్పనిసరి. రెండూ ఒకటే వ్యాధి కాదన్న సంగతి 1952లో ఇంగ్లండులో స్టీఫెన్ క్రిస్మస్ అనే బాలుడి రక్తాన్ని పరిశీలించినప్పుడు స్పష్టంగా తేలింది. బ్రిటిష్ రాజకుటుంబంలో విక్టోరియా రాణి వంశీయులను బాధించినది కూడా బి రకమేనని ఆమె వంశీయులున్న రష్యా రాజకుటుంబపు అవశేషాల జన్యు పరిశీలన 2009లో నిరూపించింది. ఎమిసిజుమాబ్ అనే కొత్త మందు తీసుకుంటున్న ఎ రకం రోగులలో ఏపీటీటీ అసలు కంటే తక్కువగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి, ఆ మందు సంగతి ప్రయోగశాలకు ముందే చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో హీమోఫీలియా కూడా ఉన్నందువల్ల, కారకం శాతం రాసి ఉన్న నిర్ధారణ పత్రం చికిత్సకే కాక కుటుంబపు హక్కులకు కూడా ఆధారమవుతుంది.

ఏ యంత్రమూ లేని చోట సైతం నిర్ధారణ ఎంత కచ్చితంగా జరగగలదో తెలుసుకోవడానికి తెలుగు నేలకు బాగా పరిచయమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో నివసించి కోరమాండల్ తీరపు పాములను పరిశీలించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువరించిన గ్రంథంలో ఒక విషసర్పాన్ని కాటుక రేకుల పొడ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. తరువాతి శాస్త్రవేత్తలు అతని పేరే పెట్టిన ఆ పాము రైతులందరూ ఎరిగిన రక్తపింజర. దాని విషం రక్తంలోని అయిదవ, పదవ కారకాలను నేరుగా ప్రేరేపించి, ఒళ్లంతా ఒకేసారి స్కందనాన్ని మొదలుపెట్టి, కొద్ది గంటలలో ఫైబ్రినోజెన్‌ను ఖర్చు చేసివేస్తుంది; ఆపై చిగుళ్ల నుంచి, కాటు నుంచి, మూత్రంలో నెత్తురు కనిపిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనిని గుర్తించడానికి కావలసినది ఒక గాజునాళిక, ఒక గడియారం. రోగి నరం నుంచి తీసిన 2 మిల్లీలీటర్ల తాజా రక్తాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజునాళికలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా జారిపోతే విషం స్కందనాన్ని దెబ్బతీసిందని తేలినట్లే, విషవిరుగుడు మందు వెంటనే మొదలుపెట్టాలి. గాజుకు బదులు ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుపొడితో కడిగిన నాళిక వాడినా, మధ్యలో ఊపి చూసినా ఫలితం చెడుతుంది. మందు ఎక్కించిన ఆరు గంటలకు మళ్లీ ఇదే పరీక్ష చేయాలి, ఎందుకంటే విషం విరిగిన తరువాత కాలేయం కొత్త కారకాలను తయారు చేయడానికి అంత వ్యవధి పడుతుంది. ఇదే విషాన్ని బాగా పలుచన చేసి, 1934లో మెక్‌ఫర్లేన్, బార్నెట్‌లు హీమోఫీలియా రోగుల గాయాలపై అద్ది రక్తస్రావాన్ని ఆపగలిగారు. నేడు ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలలో ల్యూపస్ ప్రతిరక్షకాలను పట్టుకునే ఒక ముఖ్య పరీక్ష కూడా రక్తపింజర విషంతోనే జరుగుతున్నది.

డెంగీ రోజులలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఊరూరా సంభాషణ విషయమవుతున్నది. ఆ జ్వరంలో సంఖ్య పడిపోవడం నిజమే అయినా, ప్రాణాపాయం ఎక్కువగా నాళాల నుంచి ప్లాస్మా బయటకు ఊరిపోవడం వల్ల వస్తుందనీ, రక్తస్రావం లేనప్పుడు కేవలం సంఖ్యను చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించడం సాధారణంగా అవసరం లేదనీ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొందరి రక్తంలో ఊదారంగు మూత గొట్టంలోని రసాయనం వల్లనే ప్లేట్‌లెట్లు గుంపులుగా అంటుకుని, యంత్రం వాటిని లెక్కించలేక తక్కువ సంఖ్య చూపుతుంది; రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో ఒక్కసారి చూస్తే ఆ గుంపులు కనబడతాయి, అనవసరపు ఆందోళన తప్పుతుంది. కాన్పు సమయపు రక్తస్రావంలో మాత్రం ఆలస్యం తగదు. గర్భిణులలో ఫైబ్రినోజెన్ సహజంగానే పెరిగి డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది కాబట్టి, కాన్పు తరువాత నెత్తురు పోతున్న తల్లిలో అది 200కు పడిపోవడం, మామూలు మనిషికి చాలినంతే అనిపించినా, తీవ్రమైన హెచ్చరిక. నవజాత శిశువులలో విటమిన్ కె నిల్వలు చాలా తక్కువగా ఉంటాయి, తల్లిపాలలో కూడా అది స్వల్పమే. పుట్టగానే ఒక్క సూది ద్వారా ఇచ్చే 1 మిల్లీగ్రాము విటమిన్ కె తరువాతి వారాలలో మెదడులో రక్తస్రావం జరగకుండా కాపాడుతుంది.

అన్నింటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది స్త్రీల రక్తస్రావం. 1924లో ఫిన్లాండుకు చెందిన ఆలాండ్ దీవుల నుంచి అయిదేళ్ల బాలికను ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ అనే వైద్యుడి వద్దకు తీసుకువచ్చారు. ఆమె తోబుట్టువులలో కొందరు అప్పటికే రక్తస్రావంతో మరణించారు. ఆమె కూడా 13 ఏళ్ల వయసులో, నాలుగవ నెలసరిలో, నెత్తురు ఆగక మరణించింది. ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానంగా వచ్చే ఈ వ్యాధి హీమోఫీలియా కాదని ఆయన 1926లో ప్రకటించాడు. తేలికపాటి రూపాలను కూడా కలుపుకుంటే పుట్టుకతో వచ్చే రక్తస్రావ వ్యాధులలో ఇదే అన్నింటికంటే సాధారణమైనది. దీని నిర్ధారణలో వాన్ విల్లీబ్రాండ్ కారకం ఎంత ఉన్నది, అది ఎంత బాగా పనిచేస్తున్నది, ఎనిమిదవ కారకం ఎంత ఉన్నది అన్న మూడింటినీ కలిపి చూడాలి. పనితీరును పరీక్షించడానికి వాడే రిస్టోసెటిన్ ఒకప్పటి యాంటీబయోటిక్. రోగులలో ప్లేట్‌లెట్లను గుంపుకట్టించి ప్రమాదం తెచ్చినందువల్ల మందుగా మానివేసిన ఆ పదార్థం, ఆ దోషం వల్లనే పరీక్షకు పనికివచ్చింది. ఓ గ్రూపు రక్తం ఉన్నవారిలో ఈ కారకం సహజంగానే సుమారు పాతిక శాతం తక్కువగా ఉంటుంది. గర్భం, జ్వరం, మానసిక ఆందోళన దానిని తాత్కాలికంగా పెంచుతాయి. అందుచేత ఒక్క పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన అనుమానం తీరినట్లు కాదు.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందులో ఎక్కువ భాగానికి కారణం తిండిలో ఇనుము చాలకపోవడమే అయినా, ఇనుము మాత్రలు రాసేటప్పుడు నెలసరి ఎన్ని రోజులు సాగుతున్నదని అడగని వైద్యం అసంపూర్ణమైనది. ఏడు రోజులు దాటి సాగడం, గంటకు రెండు గంటలకు బట్టో ప్యాడో మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడడం, రజస్వల అయిన నాటి నుంచే ఇలా ఉండడం అన్నవి పరీక్ష చేయించవలసిన లక్షణాలు. అమ్మకూ ఇలాగే ఉండేది, మా ఇంటి ఆడవాళ్లందరికీ అంతే అన్న మాట ధైర్యం చెప్పడానికి వాడుకునేది కాదు. వంశంలో ఉన్న వ్యాధికి అది మొదటి సాక్ష్యం కావచ్చు. ఇటువంటి స్త్రీలకు సరైన నిర్ధారణ లేకుండా గర్భసంచి తొలగించే దాకా వెళ్లిన తరువాత అసలు కారణం తేలడం ఎంత మాత్రం సమర్థించలేని విషయం.

గడ్డలు అతిగా ఏర్పడే వ్యాధుల నిర్ధారణ వేరొక ప్రసంగానికి తగినంత పెద్దది. ఇక్కడ చెప్పవలసినది ఒక్కటే: ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ వంటి సహజ నిరోధకాల పరీక్షలను గడ్డ కొత్తగా ఏర్పడిన రోజులలో, గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ లేదా హెపారిన్ మందులు వాడుతున్నప్పుడు చేస్తే తప్పుడు ఫలితాలు వస్తాయి, ఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలు కనిపించినా 12 వారాల తరువాత మరొకసారి కనిపిస్తేనే వ్యాధిగా నిర్ధారించాలి.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా పిల్లవాడి కీళ్లు దెబ్బ లేకుండానే వాస్తున్నా, బొడ్డు ఊడినప్పుడు నెత్తురు చాలా రోజులు ఊరినా, పన్ను పీకించుకున్నాక మర్నాడు మళ్లీ రక్తస్రావం మొదలైనా, ఆడపిల్లకు నెలసరి వారం దాటి సాగుతున్నా, ఆ సంగతులను తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి, అమ్మ వైపు వారి వివరాలు కూడా చేర్చి వైద్యుడి ముందు పెట్టాలి. నిర్ధారణ అయ్యేదాకా కండకు సూదిమందులు, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు వాడకూడదు. ఆపరేషన్‌కు ముందు బీటీ, సీటీ మాత్రమే రాస్తే, పీటీ, ఏపీటీటీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు కూడా అవసరమా అని మర్యాదగా అడగాలి. జిల్లా ఆసుపత్రిలో తేలనివాటిని రక్తవ్యాధుల విభాగం ఉన్న వైద్యకళాశాల ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. వ్యాధి పేరు, కారకం శాతం, రక్తపు గ్రూపు రాసి ఉన్న కార్డును రోగి ఎక్కడికి వెళ్లినా వెంట ఉంచుకోవాలి.